తాళింపు లేని పప్పు

కుప్పంలో ఆస్పత్రి వెనక వీధిలో రెండు గదులున్నాయి. క్యాన్సరో, రక్తానికి సంబంధించిన మరో జబ్బో ఉన్న పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే కుటుంబాలు అక్కడ ఉండొచ్చు, వండుకోవచ్చు, తలుపేసుకుని ఏడవనూ వచ్చు. ఆ గదుల్ని చూసుకునేది విజయమ్మ టీచరు. గంగవరం బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆమె కొడుక్కి చిన్నప్పుడు ఇలాంటి జబ్బే వచ్చి నయమైంది. ఇప్పుడతను ఆమెకంటే ఎత్తుగా ఉంటాడు, ఆమె మాట వినడు. ఆ వినకపోవడాన్ని కూడా ఆమె గొప్పగానే చెప్పుకుంటుంది.

"నీకు నోరుండాది గదప్పా, ఆ నోటిని రవ్వంత కాగితం మీద పెట్టు. కొత్తగా వచ్చేవాళ్ళు సదువుకుంటారు" అని ఆమె చెప్పబట్టి ఇది రాస్తున్నాను.

నాకు నోరున్న మాట నిజమే. మదనపల్లెలో విత్తనాలు, పురుగుమందులు అమ్మే కొట్టు నాది. ఊళ్ళో అందరూ నన్ను 'మందులాయన' అంటారు. ఆ పేరు విని వేరే రకం మందు కోసం సాయంత్రాలు నన్ను వెతుక్కుంటూ వచ్చి నిరాశపడిన వాళ్ళు కూడా ఉన్నారు. టమోటా ఆకు మీద చుక్క చూసి తెగులు పేరు చెప్పగలను. నా కూతురి కాలి మీద మచ్చ చూసి ఏమీ చెప్పలేకపోయాను.

జూలై

వేదికకు అప్పుడు ఆరేళ్ళు. మోకాళ్ళ కింద నీలం మచ్చలు మొదట చూసింది నా భార్య శైలజ.

"ఏమండీ, ఇవి దెబ్బలు కాదు, దీనికి నొప్పే లేదంటాండాది."

"బళ్ళో యాడో తగిలించుకోనుంటాది లే" అన్నాను. మండీకి టమోటా లారీలు బారులు తీరే రోజులు. కొట్లో ఊపిరాడదు. జ్వరం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కే పిల్ల కింది మెట్టు మీద కూర్చుని, "నాన్నా, ఎత్తుకోని పో" అంది. అప్పుడు భయమేసింది.

రక్తపరీక్ష చేయించాం. అంతవరకూ నన్ను నిలబెట్టే మాట్లాడే డాక్టరు ఆ రోజు కుర్చీ చూపించాడు. డాక్టరు మర్యాద పెంచితే భయపడాలని నాకు ఆ రోజే తెలిసింది. తెల్లకణాలు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉన్నాయనీ, వెంటనే బెంగుళూరు వెళ్ళమనీ చెప్పాడు. ఆయన టేబుల్ వెనక ఉన్న అద్దంలో నా ముఖం కనిపించింది. తెలుపు నా కూతురికీ నాకూ ఎక్కువైనట్టే ఉంది.

బెంగుళూరు పెద్దాస్పత్రిలో ఆ జబ్బు పేరు చెప్పారు. ఆ పేరులో నాకు వినిపించింది 'క్యాన్సర్' ఒక్కటే. మిగతా మాటలు ఫ్యాను గాలికి కొట్టుకుపోయాయి. శైలజ ఏడవలేదు. "ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగింది. నేను మాత్రం వేరే ప్రశ్న అడిగాను. "నేను పురుగుమందులు అమ్ముతాను సార్. నా వల్లనేనా?"

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఏ ఒక్క పిల్లకైనా ఇది ఎందుకొచ్చిందో మేం చెప్పలేం. మీరు వెతుకుతూ కూర్చుంటే పాపకి మీరుండరు" అన్నాడు. ఆ అనుమానం నన్ను పూర్తిగా వదిలిపెట్టలేదు. ఇప్పటికీ కొట్టు నుంచి వచ్చి స్నానం చేసి, చొక్కా మార్చుకున్నాకే కూతుర్ని ముట్టుకుంటాను. కానీ వెతకడం మానేశాను. ఇది చదివే తండ్రీ, నువ్వూ మానెయ్యి.

బంధువుల ఫోన్లు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏ స్టేజీ అంట?" ఈ జబ్బులో స్టేజీలుండవని డాక్టరు చెప్పాడు. అదే నేనూ చెబితే ఒక్కరూ నమ్మలేదు, దాస్తున్నానని జాలిపడ్డారు. చివరికి నాకు విసుగొచ్చి మా రామసముద్రం చిన్నాయనతో, "మా పాప పేరే వేదిక గదా చిన్నాయనా, ఇంగ యే స్టేజీ గావాల నీకు?" అన్నాను.  ఫోను పెట్టాక ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని నవ్వాను. నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకే తెలియలేదు.

ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా

ఓపీ అంటే ఓపిక అని బెంగుళూరులో నేర్చుకున్నాను. పొద్దున్నే టోకెను తీసుకుని కూర్చుంటే, పిలుపు ఎప్పుడొస్తుందో పిలిచేవాళ్ళకే తెలియదు. ఎదురు కుర్చీల్లో అందరూ మాలాగే ఉంటారు. కన్నడం, తమిళం, తెలుగు, ఏ భాషలోనైనా ఒకే చూపు. తలుపు తెరుచుకుంటే అందరి కళ్ళూ ముందు నర్సు ముఖం మీద పడతాయి, తర్వాతే ఆమె పిలిచే పేరు చెవికెక్కుతుంది.

కీమో మొదలైంది. ఏ రోజు ఎలా ఉంటుందో డాక్టర్లని అడిగితే చెప్పేవాళ్ళు. శైలజని అడిగితే మాత్రం "ఏమో" అనేది. కీమోకి సరైన తెలుగు అదేనని నాకనిపించింది. తిన్నది నిలుస్తుందా, ఏమో. రేపు నవ్వుతుందా, ఏమో. జుట్టు మొదట దిండు మీద కనిపించింది, ఆ తర్వాత దువ్వెనలో. ఒక రోజు వేదిక నా బట్టతల మీద చెయ్యి వేసి చాలాసేపు తడిమింది.

"నాన్నా, నీకూ ఈ మందే ఏసినారా?"

"లేదమ్మా, నాకు మీ అమ్మను ఇచ్చినారు" అన్నాను. శైలజ నెలల తర్వాత నవ్వింది. ఆ నవ్వు కోసం, ఉన్న నాలుగు వెంట్రుకలూ ఇచ్చేయమన్నా ఇచ్చేవాణ్ణి.

ప్లేట్‌లెట్లు పడిపోయేవి. ఇచ్చేవాళ్ళు కావాలి, అదీ ఆ పూటకే కావాలి. మండీలో వేలంపాట పాడే కుర్రాళ్ళు, బుట్టలు మోసేవాళ్ళు వంతులు వేసుకుని తెల్లారుజామున బస్సెక్కి వచ్చేవాళ్ళు. నా పెళ్ళికి రానివాళ్ళు, నేను పేరు పెట్టి పిలవనివాళ్ళు. రక్తసంబంధం అంటే ఇదే కదా అనుకున్నాను. నా రక్తసంబంధీకులు మాత్రం ఆపిల్‌పండ్లు పట్టుకుని గుంపుగా వచ్చి, మంచం చుట్టూ కూర్చుని, "అయ్యో, ఎట్లుండే బిడ్డ ఎట్లయిపాయె" అని వేదిక వినేటట్టే అనేవాళ్ళు.

దసరా దాటాక మందుల దెబ్బ కాస్త తగ్గింది. కొన్ని ఇంజెక్షన్లు కుప్పంలో వేయించుకోవచ్చన్నారు. అట్లా విజయమ్మ టీచరు గదికి చేరాం. మొదటి రోజే ఆమె చీరకొంగు నడుముకు దోపి మాకు క్లాసు తీసుకుంది.

"ఏమ్మా శైలజా, జరమొస్తే ఏం జేస్తావు?"

"మాత్ర ఏస్తా టీచర్."

"ఎయ్యొద్దు. ముందు నాకు ఫోన్ జెయ్యి, తర్వాత బండెక్కు. మాత్రేస్తే జరం దాక్కుంటాది, జబ్బు దాక్కోదు. బ్యాగు ఎప్పుడూ సర్దే ఉండాల. ఏమప్పా, నీకు జెప్తాండేది. సుట్టాలొస్తే ఏం జేస్తావు?"

"కాఫీ ఇస్తా టీచర్."

"వీధిలో ఇయ్యి. లోపలికి ఒక్కర్నీ రానీయొద్దు. తుమ్మేవాళ్ళు, దగ్గేవాళ్ళు, ఒంటిమీద పొక్కుండేవాళ్ళు, వాళ్ళింట్లో ఎవురికన్నా పొక్కుండేవాళ్ళు, ఎవురూ వద్దు. మీ అమ్మొచ్చినా సరే."

"మా అమ్మ లేదు టీచర్, పోయింది."

"అయితే మీ అత్తకు జెప్పు."

మా అత్తకు చెప్పాం. మునెమ్మత్త పుంగనూరులో బావ దగ్గర ఉంటుంది. బావంటే శైలజ అన్న. వేదిక అంటే ఆమెకు ప్రాణం. ఫోనులో అన్నీ వింది, అన్నిటికీ ఊఁ కొట్టింది. చుట్టాలు రావద్దంటే రానే లేదు. మనవరాలి గొంతు ఫోనులో విని, ముక్కు చీదుకుని పెట్టేసేది. అట్లా ఆర్నెల్లు.

మార్చి చివర

ఆ రోజు కుప్పంలో ఇంజెక్షను అయింది. రక్తం లెక్కలు బాగున్నాయన్నారు. స్నేహితుడి కారు అడిగి తెచ్చుకున్నాను. పలమనేరు దాటాక వేదిక, "అవ్వను సూస్తాం నాన్నా" అని మొదలుపెట్టింది. శైలజ నా వైపు చూసింది. నేను శైలజ వైపు చూశాను. ఇద్దరిలో ఎవరో ఒకరు వద్దంటారని ఇద్దరం ఎదురుచూశాం. ఎవరూ అనలేదు.

"అరుగు మీదే కూచ్చుంటాం. లోపలికి పొయ్యేది లేదు. మాస్కు తీసేది లేదు" అంది శైలజ.

పుంగనూరులో జాతర వారం. ఆ వీధిలో ప్రతి గుమ్మానికీ వేపమండలు కట్టి ఉన్నాయి. మా అత్తగారింటికీ ఉన్నాయి. అందులో చూడాల్సిందేమీ లేదనుకున్నాను.

అత్త బయటికి వచ్చి మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆర్నెల్ల తర్వాత మనవరాల్ని చూసిన అవ్వ పరుగున రావాలి. రాలేదు.

"యాలమ్మా ఇంత ఎండలో? ఫోన్ అన్నా చెయ్యగూడదా?"

"నిన్ను సూడల్లంటాండాది అమ్మా, నీ మనవరాలు."

"సూసినా గదా. సల్లగుండనీ. పొద్దు పోతాది, ఊరికి పోండి."

అల్లుడి మర్యాద ఇంత తగ్గిపోయిందా అని లోపల నవ్వుకుని, "రవ్వంత మజ్జిగన్నా పొయ్యి అత్తా, తాగి పోతాం" అన్నాను. మా వైపు ఆ మాట అడిగాక ఎవరూ కాదనలేరు. ఆమె లోపలికి వెళ్ళింది. మజ్జిగతో ఆగలేదు, అన్నమూ పప్పూ తెచ్చి అరుగు మీద పెట్టింది. మేమిద్దరం తిన్నాం. అప్పుడే బంధువుల సంగతులేవో మాటల్లో పడి, కాసేపు వేదికను మరిచిపోయాం.

తలెత్తితే పిల్ల అరుగు మీద లేదు. లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది. అత్త చేతిలో చెంబు జారవిడిచి లోపలికి ఉరికింది. వేదికను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. బావ చిన్నకూతురు, రెండేళ్ళ చిట్టి, లోపల మంచం మీద పడుకుని ఉందట. వేదిక దాని పక్కన పడుకుని, మాస్కు తీసి, కథ చెబుతోందట.

"పోండమ్మా, ఇంగ పోండి" అంది అత్త. "పోయొస్తాం అత్తా" అన్నాను. ఆమె పలకలేదు. ఆ మాట విననట్టు గోడ వైపు తిరిగింది.

పుంగనూరు వెనకబడి, మదనపల్లె రోడ్డు సగం దాటాం. శైలజ అదేపనిగా కిటికీ బయటికి చూస్తోంది. ఉన్నట్టుండి, "కారు ఆపండి" అంది.

ఆపాను.

"పప్పులో తాళింపు లేదు."

"మర్చిపోయుంటాది లే. పెద్దామె గదా."

"మా అమ్మా? తాళింపు లేకుండా నీళ్ళు గూడా తాగదు మా అమ్మ." ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "పోయొస్తామంటే పలకలేదు. ఎదురు రాలేదు. లోపలికి రమ్మనలేదు."

నాకు అర్థమయ్యేలోపే వెనక సీట్లోంచి వేదిక అంది. "నాన్నా, చిట్టికి దోమలు శానా కుట్టినాయి. ముఖమంతా. కడుపు మీద గూడా. నీళ్ళ బుడగల మాదిరి."

మా వైపు ఇంట్లో ఒకరికి అమ్మవారు పోస్తే, ఆ ఇంట్లో తాళింపు ఘుమఘుమలుండవు. వచ్చినవాళ్ళని రమ్మనరు, పోయేవాళ్ళు పోయొస్తామనరు. జబ్బని అనరు, పేరెత్తరు. ఆ తల్లి వచ్చి కూర్చుందని తెలిసేది గుమ్మానికి కట్టిన వేపమండతోనే. జాతర వారంలో ఊరంతా వేపమండలే.

ఫోను చేశాను. "అత్తా, చిట్టికి ఏమయ్యింది?"

అటువైపు నుంచి జాతర డప్పుల చప్పుడే వచ్చింది.

"అత్తా, వేదికకు రక్తంలో బలం లేదు. ఆ పొక్కులు దీనికొస్తే చానా ప్రమాదమని డాక్టర్లు ముందే చెప్పినారు. నువ్వు అవునంటే చాలు."

చాలాసేపటికి, పక్కనున్నవాళ్ళకి కూడా వినిపించనంత మెల్లగా, "తల్లి ఆడుకుంటాండాది నాయనా" అంది. ఆ వెంటనే ఏడుపు.

శైలజ ఫోను లాక్కుంది. కట్ చేసింది.

విజయమ్మ టీచరుకు ఫోను చేసి చెబితే తిట్టలేదు. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "కారు తిప్పు. నేను డాక్టరుకు జెప్తాండా. గదికి రావొద్దు, ఆడ ఇంగో ముగ్గురు పిల్లలుండారు. మా ఇంటికి రాండి, మేడ మీద" అంది.

తిప్పాను. పుంగనూరు గుండా తిరిగి వెళ్ళేటప్పుడు ముగ్గురం ఆ వీధి వైపు చూడలేదు.

ఏప్రిల్

అంటుకోకుండా ఆపడానికి ఒక ఇంజెక్షను ఉందన్నారు. దాన్ని బెంగుళూరు నుంచి రైల్లో తెప్పించారు. తెచ్చింది మా గదుల్లో ఉండి వెళ్ళిన ఒక పాప తండ్రి. స్టేషన్ బయట నా చేతిలో పెట్టి, ఎదురు రైలెక్కి వెళ్ళిపోయాడు. వేశారు. వేసినా ఖాయంగా ఆగుతుందని చెప్పలేమన్నారు. కొన్ని వారాలు చూడాలి. అంతవరకూ కీమో ఆపాలి. పొక్కు ఒక్కటి కనిపించినా పరిగెత్తుకుని రావాలి.

ఆపితే పాత జబ్బు లేస్తుందేమోనని భయం. ఆపకపోతే కొత్తది తినేస్తుందని భయం. ఒక భయానికి ఇంకో భయం కాపలా.

విజయమ్మ టీచరు మేడ మీద ఒక గది, ముందు చిన్న ఖాళీ. పొద్దున్నే వెలుతురు బాగా పడే చోట వేదికను నిలబెట్టి, శైలజ ఒళ్ళంతా చూసేది. చెవుల వెనక, చంకల కింద, వేళ్ళ సందుల్లో. నేను కూడా చూసేవాణ్ణి. ఆకుల మీద మచ్చలు చూసే కళ్ళు కదా. నాకు మామూలు పుట్టుమచ్చ కూడా కదిలినట్టు కనిపించేది. "ఇది నిన్న లేదు" అనేవాణ్ణి. "పుట్టినప్పటి నుంచీ ఉండాది" అనేది శైలజ. రెండు నిమిషాల తర్వాత ఆమే వచ్చి మళ్ళీ చూసేది.

పుంగనూరు నుంచి రోజూ ఫోను మోగేది. శైలజ ఎత్తేది కాదు.

"ఆమె కావాలని చేసుంటాదా?" అన్నాను ఒకసారి.

"కావాలని చెయ్యలేదు. తెలిసీ చెప్పలేదు. నాకు రెండూ ఒకటే." ఆ తర్వాత నా వైపు తిరిగి, "మజ్జిగ అడిగింది మీరు" అంది.

నిజమే. అడిగింది నేనే. ఆగుదామని కారు ఆపింది ఇద్దరం. మేమిద్దరం ఆ గదిలో ఒకరి తప్పులు ఒకరికి అప్పజెప్పుకుంటూ, పిల్ల ముందు మాత్రం నవ్వుతూ గడిపాం. మాకు ఇడ్లీలు తెచ్చే టీచరు మెట్ల మీదే గిన్నె పెట్టి, "ఈ పొద్దు ఎవురు గెలిచినారు?" అని అడిగేది. ఆ ఒక్క మాటకు ఇద్దరం సిగ్గుపడి కాసేపు మనుషులమయ్యేవాళ్ళం.

వారాలు గడిచాయి. ఇంక రాదని నమ్మడం మొదలుపెట్టాను. ఆ పొద్దున స్నానం చేయిస్తూ శైలజ నన్ను పిలిచింది. గట్టిగా కూడా పిలవలేదు.

కడుపు మీద, బొడ్డు పక్కన, రెండు. నీటిచుక్కల్లా మెరుస్తున్నాయి.

మే

ఆస్పత్రి చివర ఒక గది. తలుపుకి చిన్న అద్దం. మందు నరంలోకి ఎక్కించాలి. పొక్కులు ఊపిరితిత్తులకు, తలకు పాకకూడదు. పాకితే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది, నేను రాయను.

"లోపల పాపతో ఎవరుంటారు?" అని అడిగింది. "ఇది ముందే వచ్చి తగ్గినవాళ్ళయితే మేలు. రానివాళ్ళకి ఇప్పుడు సోకితే తర్వాత వారాల తరబడి పాప దగ్గరికి రాలేరు."

నాకు రాలేదు. శైలజకు చిన్నప్పుడు వచ్చిందో లేదో తెలియదు. "నేనుంటా" అని శైలజ అంది. "నీకు సోకితే దీన్ని ఎవురు సూస్తారు?" అన్నాను. ఇద్దరం అద్దం ముందు నిలబడి ఉన్నాం. లోపల వేదిక ఒక్కతే మంచం మీద, ఇంత చిన్నగా.

అప్పుడు మెట్ల దగ్గర విజయమ్మ టీచరు గొంతు వినిపించింది. "ఈడికి రామ్మా, ఇట్ల రా." ఆమె వెనక మా అత్త. పలమనేరులో బస్సు మారి వచ్చింది. చేతిలో గుడ్డసంచి, అందులోంచి వేపరెమ్మలు బయటికి తొంగి చూస్తున్నాయి. పొక్కుల సంగతి ఆమెకు ఫోను చేసి చెప్పింది టీచరే.

శైలజ కదలలేదు. "ఏంటికొచ్చినావు?"

"బిడ్డను సూస్తా."

"సూడాల్సినప్పుడు నోరు మూసుకోనుంటివి. ఒక్క మాట, అమ్మా. ఒకే ఒక్క మాట చెప్పుంటే, అరుగు దగ్గర నుంచే తిరిగిపోయుంటాం."

"నోటితో అంటే ఆ తల్లి దాని మీదికి వస్తాదనే గదమ్మా నోరు మూసుకున్యా!" అత్త సంచిని గుండెకు అదుముకుంది. "బిడ్డకు బలం లేదని నువ్వే జెప్తివి. బలం లేని బిడ్డ ముందర ఆయమ్మ పేరెత్తుదునా? పోండి పోండి అంటానే ఉంటి. పోకపోతిరి."

   ఆమె మా పిల్లను కాపాడుతున్నాననుకుంది. ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

డాక్టరమ్మ అంతా వింటూ నిలబడి ఉంది. అత్త బుగ్గ మీది గుంటల్ని చూసింది. "అవ్వా, మీకు ఇది వచ్చిందా?"

"చిన్నప్పుడే. చచ్చి బతికినానంట."

"మీ అమ్మాయికి?"

"శైలకు పొయ్యలేదమ్మా. దాని అన్నకు పోసె. దీన్ని అప్పుడు మా పుట్టింటికి పంపిచ్చేస్తి."

"అయితే మీరు లోపలుండండి" అంది డాక్టరమ్మ.

శైలజ తల్లిని చూసింది. అవుననలేదు. పక్కకు జరిగింది. అంతే.

అత్తకు గౌను తొడిగారు, మాస్కు పెట్టారు. వేపరెమ్మలు లోపలికి వద్దంటే, ఎవరి చేతికివ్వాలో తెలియక నాకిచ్చింది. ఆమె లోపలికి అడుగుపెట్టగానే వేదిక, "అవ్వా, నీకూ మాస్కా? నువ్వు గూడా కీమోనా?" అంది.

నర్సు మందు పట్టుకుని వచ్చింది. తలుపు ఇంకా సగం తెరిచే ఉంది. అత్త చెయ్యి అడ్డం వెళ్ళింది.  అమ్మవారు ఒంటి మీద ఉండగా మందు వేస్తే ఆయమ్మకు కోపమని మా వైపు పెద్దల నమ్మకం. తన కొడుక్కి పోసినప్పుడు ఆమె వేయించలేదు. చిట్టికీ వేయించలేదు.

"ఇది ఆయమ్మను పంపిచ్చేదానికేనా?" అని నర్సుని అడిగింది.

"అవునవ్వా."

అత్త కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఎయ్యి తల్లీ. కోపమొస్తే నా మీద తీర్చుకోమని జెప్పినా."

మూడో రాత్రికి జ్వరం పెరిగింది, దగ్గు మొదలైంది. ఆ రాత్రి గురించి నేను చెప్పగలిగింది ఇంతే. అద్దానికి అటువైపు అత్త కూర్చునే ఉంది. ఇటువైపు శైలజ నిలబడే ఉంది.  తెల్లారేసరికి దగ్గు తగ్గింది. తర్వాతి రోజుల్లో పొక్కులు ఎండడం మొదలుపెట్టాయి. డాక్టరమ్మ నాకు కుర్చీ చూపించకుండా, నిలబెట్టే మాట్లాడింది. 

అత్త బయటికి వచ్చిన రోజు శైలజ ఆమెకు కాఫీ తెచ్చిచ్చింది. "తాగు, సల్లారిపోతాది" అంది. నెలన్నర తర్వాత తల్లితో మామూలుగా అన్న మొదటి మాట అది.

ఇప్పుడు

కీమో మళ్ళీ మొదలై, మళ్ళీ నడుస్తోంది. ఇప్పుడు ఎక్కువగా మాత్రలే. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా భయమే. ఆ భయం పోలేదు. పోతుందని మీకు అబద్ధం చెప్పను. దాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని కారు నడపడం మాత్రం నేర్చుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్ళకు చెప్పేది ఒకటే. మీ ఇళ్ళకు ఫోను చేసి, "ఎవరికైనా ఒంట్లో బాగలేదా?" అని అడగకండి. అందరూ బాగున్నామనే అంటారు. మీ ఇంట్లో ఏయే జబ్బుల పేర్లు ఎత్తరో మీకే తెలుసు. వాటిని పేరుపేరునా అడగండి. చెప్పకపోతే ఏం వండారో అడగండి.

విజయమ్మ టీచరుకు ఇప్పుడు ఇంకో దారి దొరికింది. పోయిన వారం రామసముద్రం నుంచి ఒక కుటుంబం వచ్చింది. బాబుకి ఇంజెక్షను అయ్యాక ఇంటికి బయల్దేరబోతున్నారు. అక్కడ వాళ్ళ అవ్వ ఫోనులో అన్నీ బాగున్నాయంటోంది, కానీ ఇప్పుడే రావద్దు, నాల్రోజులాగి రండి అంటోంది. ఎందుకంటే చెప్పదు. టీచరు ఆమె నంబరు పట్టుకుని పుంగనూరుకి ఫోను చేసి, మా అత్తను కలిపింది. నేను అక్కడే ఉన్నాను. స్పీకర్లో విన్నాను.

"ఏం వదినా, నేను పుంగనూరు మునెమ్మను. నువ్వు నన్నెరగవు. నా మనవరాలికి గూడా మీవోడి జబ్బే."

"అట్లనా అమ్మా."

"నేనూ నీ మాదిరే నోరు మూసుకున్యా వదినా. నా బిడ్డ నాతో మాట్లాళ్ళే. మనవరాలు సావు దాకా పోయొచ్చె."

అటువైపు కోడి అరుపు వినిపించింది. ఎవరో నీళ్ళు తోడుతున్న చప్పుడు.  బాబు తల్లి చేతిలో బ్యాగు పట్టుకునే నిలబడి ఉంది.

"నాకు జెప్పు వదినా. ఇంగెవురికీ జెప్పాల్సిన పన్లేదు."

"... చిన్నకోడలి బిడ్డకు" అంది ఆ గొంతు చివరికి. "మొన్నట్నుంచి."

"సరే. బాబును ఆడికి రానీయొద్దు. కుప్పంలోనే ఉంటాడు. గది ఉండాది."

బాబు తల్లి బ్యాగు కింద పెట్టింది.